లోఫోటెన్ గాలిలో వెయ్యేళ్ల వ్యాపారం

ఉత్తర నార్వేలోని లోఫోటెన్ ద్వీపాల్లో హెనింగ్స్‌వేర్ అనే జాలరి ఊరుంది. సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి దిబ్బల మీద వెలసిన ఆ ఊరి ఫుట్‌బాల్ మైదానం ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. చుట్టూ నీళ్లు, నడుమ పచ్చటి మైదానం. ఈసారి ఆ ఫొటో కంటపడితే మైదానాన్ని వదిలి దాని అంచులు చూడండి. రాళ్ల మీద పొడవాటి కొయ్య పందిళ్లు బారులు తీరి ఉంటాయి. ఆట చూసేవారి కోసం వేసినవి కావవి. ఫిబ్రవరి నుంచి మే దాకా వాటి వాసాల మీద కాడ్ చేపలు జతలు జతలుగా వేలాడతాయి. తోక పైకి, మెడ కిందికి. తలలు విడిగా ఎండుతాయి, వాటి ప్రయాణం కూడా విడిగానే సాగుతుంది.

ఎండుచేప మనకు కొత్త కాదు. మన తీరం పొడవునా ఇసుక మీద పరిచిన నెత్తళ్లు, ఉప్పు పట్టించి ఆరబెట్టిన పెద్ద చేపలు చూస్తూనే పెరిగాం. పప్పుచారు పక్కన ఉప్పుచేప ముక్క పడితే ఆ పూట భోజనానికి ఇంకేం అక్కర్లేదనే ఇళ్లు కోస్తాలో కోకొల్లలు. కానీ అర మీటరు నుంచి మీటరు దాకా పొడవుండే చేపను ఉప్పు రవ్వ తగలనీయకుండా, పొగ పెట్టకుండా, యంత్రాల్లో వేడిగాలి కొట్టించకుండా, ఆరుబయట నెలల తరబడి వదిలేసి, ఏళ్లపాటు చెడని సరుకుగా మార్చడం మనం ఎరిగిన విద్య కాదు. ఎండాక దాన్ని గోనె బస్తాలకెత్తి ఇటలీకి, నైజీరియాకు పంపుతారు. స్టాక్‌ఫిష్ అని ప్రపంచం పిలిచే ఈ చేప నార్వే ఎగుమతుల్లో అతి పాత సరుకుల్లో ఒకటి. నన్ను కట్టిపడేసిన సంగతేమిటంటే, ఇందులో మనిషి చేసే పని చాలా తక్కువ. చేయకుండా ఆగాల్సినవే ఎక్కువ. ఎప్పుడు ఆగాలో తెలియడానికే ఇక్కడి కుటుంబాలకు తరాలు పట్టింది.

లోఫోటెన్ ద్వీపాలు ఆర్కిటిక్ వలయం దాటాక, 67-68 డిగ్రీల ఉత్తర అక్షాంశాల దగ్గర ఉంటాయి. అదే అక్షాంశంలో ఉన్న సైబీరియా లోతట్టు ఊళ్లలో చలికాలం మైనస్ 30 డిగ్రీలు మామూలు మాట. ఇక్కడ మాత్రం అట్లాంటిక్ నుంచి వచ్చే గోరువెచ్చటి ప్రవాహం తీరాన్ని ఒరుసుకుంటూ పోతుంది. అందువల్ల నడి చలికాలంలో కూడా ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూగానే ఊగుతుంది. స్టాక్‌ఫిష్‌కు కావలసింది సరిగ్గా ఆ ఊగిసలాటే. చలి మరీ ముదిరితే చేప కండలోని నీరు గడ్డకట్టి, మంచు పలుకులు పీచును చీలుస్తాయి. అలాంటి చేప ఎండాక గుల్లబారిపోతుంది, నానబెడితే ముక్క నిలవదు. వాతావరణం ముందే వేడెక్కితే ఎండేలోపే చేప పాడవడం మొదలవుతుంది, ఈగలు వాలి గుడ్లు పెడతాయి. సున్నా దగ్గర బ్యాక్టీరియా మందగించి ఉంటుంది, ఈగలింకా పుట్టవు, సముద్రపు గాలి ఆగకుండా వీస్తుంది. కుళ్లుకూ ఎండుకూ మధ్య జరిగే పందెంలో ఎండు గెలిచేలా ప్రకృతి ఇక్కడ మూడు నెలలు వీలు కల్పిస్తుంది. కాస్త వాన, కాస్త మంచు పడినా నష్టం లేదు. అసలు ఎండడం అంత నిదానంగా సాగడం వల్లే కండలోని ఎంజైములు పనిచేసి, ఆ చేపకు ప్రత్యేకమైన రుచి, వాసన వస్తాయి.

విచిత్రమేమిటంటే చేపలు కూడా అదే సమయానికి వస్తాయి. ఆర్కిటిక్ అంచున బేరెంట్స్ సముద్రంలో పెరిగిన కాడ్, గుడ్లు పెట్టడానికి వందల కిలోమీటర్లు ఈదుకుంటూ జనవరి నుంచి ఏప్రిల్ దాకా లోఫోటెన్ పక్కనున్న వెస్ట్‌ఫ్యోర్డ్ నీళ్లలోకి దిగుతుంది. ఇలా వలస వచ్చిన కాడ్‌ను ఇక్కడివాళ్లు స్క్రై అంటారు. అంత దూరం ఈదిన చేప కండ గట్టిగా, తెల్లగా ఉంటుంది. ఇంకో అనుకూలం కూడా ఉంది. కాడ్ మాంసంలో కొవ్వు ఒక శాతం కూడా ఉండదు. ఉన్నదంతా కాలేయంలో దాచుకుంటుంది. కొవ్వున్న చేపను ఇలా గాలికి వదిలితే నూనె కారి, ముక్కిపోతుంది. కాడ్‌కు ఆ బాధ లేదు. తీసేసిన ఆ కాలేయం కూడా వృథా పోదు. 1853లో పీటర్ మోలర్ అనే నార్వే మందుల వ్యాపారి దాన్ని ఆవిరితో కాచి శుభ్రమైన నూనె తీసే పద్ధతి కనిపెట్టాడు. ఒకప్పుడు మన పిల్లలకు డాక్టర్లు రాసిచ్చిన కాడ్ లివర్ ఆయిల్ చరిత్ర అక్కడికే పోతుంది.

పడవ రేవుకు చేరిన రోజే పని మొదలవుతుంది. తల కోసి, పేగులు తీసి, కడిగి, ఒకే పరిమాణమున్న రెండు చేపల తోకలను తాడుతో కలిపి ముడివేస్తారు. రెండూ సమంగా లేకపోతే వాసం మీద నిలవవు. జతలోని చేపలు ఒకదానికొకటి తగలకుండా, గాలి అన్ని వైపులా ఆడేలా పందిరి మీదికెక్కిస్తారు. కాకులు, సముద్రపు పక్షులు పొడవకుండా పైన వలలు కప్పుతారు. ఈ హడావుడిలో పిల్లలకూ ఒక వాటా ఉంది. కోసిన తలల్లోంచి నాలుకలు తీసే పని లోఫోటెన్‌లో తరతరాలుగా బడి పిల్లలదే. నిలబెట్టిన ఇనుప మేకుకు తలను గుచ్చి, ఒక్క కోతతో నాలుక తీసి బకెట్‌లో వేస్తారు. ఆ నాలుకల వేపుడు అక్కడ ఇష్టంగా తింటారు కాబట్టి పిల్లల జేబులు బాగానే నిండుతాయి. ఊరంతా కమ్ముకునే ఎండుచేప వాసనను స్థానికులు డబ్బు వాసన అంటారు.

మే నెలాఖరు నుంచి జూన్ మధ్యలోపు చేపలను దించి, గాలి తగిలే గోదాముల్లో మరో రెండు మూడు నెలలు ఉంచుతారు. పచ్చి చేపలో 80 శాతం దాకా ఉన్న నీరు చివరికి 15 శాతానికి కాస్త అటూ ఇటూగా దిగుతుంది. సుమారు అయిదు కిలోల చేప కిలోకు వస్తుంది. ఆ కిలోలో ముప్పాతిక పైగా ప్రొటీనే. రెండు చేపలను ఒకదానికొకటి తట్టి చూస్తే కొయ్య శబ్దం వస్తుంది.

అప్పుడు రంగంలోకి దిగుతాడు వ్రాకర్. చేపలకు గ్రేడు కట్టేవాడన్నమాట. యంత్రాలెన్ని వచ్చినా ఈ పని నేటికీ మనిషి కంటికీ, ముక్కుకూ, చేతికే వదిలారు. ప్రతి చేపనూ విడిగా చేతిలోకి తీసుకుంటాడు. వెలుతురుకెత్తి పొట్ట లోపలి భాగం చూస్తాడు. మెడ దగ్గర వాసన పీలుస్తాడు. వీపు మందం నొక్కి చూస్తాడు. రక్తపు మరక ఉందా, కొక్కెం గాటు పడిందా, మంచు తగిలి గుల్లబారిందా, బూజు పట్టిందా అన్నది క్షణాల్లో తేల్చి పక్కనున్న కుప్పల్లో ఒకదాని మీదికి విసురుతాడు. మొత్తం ఇరవై దాకా గ్రేడులున్నాయి. రాన్యో, వెస్ట్రే మాగ్రో, బ్రెమెసె, హొలెండర్, లుబ్ వంటి పేర్లు. పొడవూ, మందమూ, మచ్చలూ ఒక్కో పేరును నిర్ణయిస్తాయి. సన్నగా, పొడుగ్గా, మచ్చలేకుండా ఉన్న రాన్యో అన్నిటికన్నా ఖరీదు. ఈ తేడాలు ఊరికే పెట్టినవి కావు. ఇటలీలో ఒక్కో ప్రాంతం వంటకు ఒక్కో మందం చేప కావాలి. ఉత్తరాన వెనెటో వాళ్లు అడిగేది వేరు, దక్షిణాన కలాబ్రియా వాళ్లు అడిగేది వేరు. నార్వే గోదాములో నిలబడ్డ వ్రాకర్, తానెప్పుడూ వెళ్లని వంటింట్లో ఆ చేప ఎలా ఉడుకుతుందో ఊహించగలగాలి. ఈ ఉపాధిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన నైపుణ్యం ఇదే. నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, కొత్తవాళ్లు పాతవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

గ్రేడు కట్టాక చేపలను యంత్రంతో అదిమి గోనె బస్తాల్లో కుట్టేస్తారు. నైజీరియా బజారుకు 45 కిలోల బేళ్లు బాగా అలవాటు. మంచుగడ్డ అక్కర్లేదు, ఫ్రీజరు అక్కర్లేదు. పొడి చోటు దొరికితే చాలు. విమానంలో ఐస్ పెట్టెల్లో పరుగెత్తే తాజా చేపల వ్యాపారమంతా గంటలతో లెక్క. స్టాక్‌ఫిష్ లెక్క మాత్రం సంవత్సరాల్లో ఉంటుంది. రిఫ్రిజిరేటరు పుట్టకముందే ఇది ఖండాలు దాటడానికి కారణం అదే.

ఎంత ముందే దాటిందో ఈ మధ్య ఎముకలు చెప్పాయి. ఇప్పటి జర్మనీ ఉత్తరాన ఉన్న వైకింగుల కాలపు రేవు పట్టణం హైతబూలో దొరికిన, 800 నుంచి 1066 మధ్య కాలానికి చెందిన కాడ్ ఎముకల జన్యువులను శాస్త్రవేత్తలు పరిశీలించారు. వాటిలో కొన్ని ఉత్తర నార్వే నీళ్ల చేపలవని 2017లో ప్రకటించారు. అంత దూరం చెడకుండా చేరిందంటే ఎండి వచ్చి ఉండాలి. పదమూడో శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిన ఎగిల్ సాగాలోనూ, అంతకు ముందు నాలుగు వందల ఏళ్లనాటి ఒక నాయకుడు ఎండుచేపలు నింపిన ఓడను ఇంగ్లండుకు పంపిన ముచ్చట ఉంది. లోఫోటెన్‌లోని బోర్గ్ దగ్గర తవ్వకాల్లో 83 మీటర్ల పొడవున్న వైకింగు నాయకుడి ఇంటి పునాదులు బయటపడ్డాయి. 1120 ప్రాంతంలో నార్వే రాజు ఐస్టైన్ లోఫోటెన్‌లోని కాబెల్వోగ్‌లో జాలర్ల కోసం గుడిసెలు కట్టించాడని చెబుతారు. అలాంటి ఎర్ర రంగు కొయ్య ఇళ్లే ఇప్పుడు పర్యాటకుల బస. 1890ల్లో ఒక సీజనుకు 30 వేల పైచిలుకు జాలర్లు ఇక్కడికి వచ్చేవారు. వాళ్ల కోసమే 1898లో కాబెల్వోగ్‌లో 1,200 మంది కూర్చునే కొయ్య చర్చి కట్టారు. చుట్టుపక్కల జనాభాను చూస్తే అంత పెద్ద చర్చి ఎందుకో అర్థం కాదు. చలికాలపు పడవలను లెక్కేస్తేనే అర్థమవుతుంది.

ఈ చేప దక్షిణాన బెర్గెన్ రేవు మీదుగా లోకంలోకి వెళ్లేది. 1360 ప్రాంతంలో జర్మన్ వర్తక సంఘం హన్సా అక్కడ కొఠీ పెట్టింది. చివరి జర్మన్ కొఠీ 1754లో గాని మూతపడలేదు. వాళ్ల కొయ్య మేడల వరస బ్రిగ్గెన్ 1979 నుంచి యునెస్కో వారసత్వ సంపద. ఉత్తరాన ధాన్యం పండదు, దక్షిణాన చేప కావాలి. కాబట్టి గింజలు పైకి, చేపలు కిందికి. అయితే వర్తకుడు గింజలు అప్పుగా ఇచ్చేవాడు. బాకీ తీరేదాకా ఆ జాలరి తన చేపను ఇంకొకరికి అమ్మడానికి వీల్లేదు. పడవకూ వలకూ అడ్వాన్సు తీసుకుని, పట్టిన చేపంతా ఆ సావుకారుకే, అతను చెప్పిన ధరకే పోసే మన తీరపు జాలరికి ఈ పద్ధతి గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. నార్వేలో ఈ అప్పుల ముడి విప్పడానికి చాలా కాలమే పట్టింది. 1938లో పచ్చి చేపల చట్టం వచ్చాక తొలి అమ్మకం జాలర్ల సొంత విక్రయ సంస్థ ద్వారానే, అది నిర్ణయించిన కనీస ధర మీదే జరగాలన్న నియమం గట్టిపడింది. ఆ సంస్థ, ఆ నియమం నేటికీ ఉన్నాయి. లోఫోటెన్ అందాల గురించి రాసేవాళ్లు ఈ చట్టం దగ్గర ఆగరు. ఆగాలని నా పట్టుదల. ఆ ఊళ్లు ఇప్పటికీ జాలరి ఊళ్లుగా మిగలడంలో ఆ కొండలకున్నంత పాత్ర ఈ చట్టానికీ ఉంది.

ఇటలీ కథ ఒక ప్రమాదంతో మొదలైందంటారు. 1431లో పియెత్రో క్వెరీని అనే వెనిస్ వర్తకుడు క్రీట్ దీవి నుంచి ద్రాక్షసారాయి పీపాలతో ఫ్లాండర్స్‌కు బయల్దేరాడు. ఓడలో 68 మంది. తుపానుకు ఓడ దారి తప్పింది, చుక్కాని విరిగింది. ఓడను వదిలి రెండు పడవల్లోకి దిగితే ఒకటి జాడలేకుండా పోయింది. రెండోది 1432 జనవరిలో లోఫోటెన్ కొసన ఉన్న రొస్ట్ దగ్గర నిర్జన దిబ్బకు కొట్టుకొచ్చింది. చివరికి మిగిలింది 11 మంది. రొస్ట్ జాలర్లు వాళ్లను ఇళ్లకు తీసుకెళ్లి నెలల తరబడి పోషించారు. గాలికి కట్టెలా బిగిసే చేపను, దాన్ని మోది మెత్తబరిచి వెన్నతో తినే తీరును క్వెరీని రాసిపెట్టాడు. ఎండుచేపలు వెంటబెట్టుకుని ఇంటికి చేరాడు. ఆ ఒక్క ప్రయాణంతోనే ఇటలీ నాలుక మారిందనడం కథకు అందమే గానీ, వ్యాపారం బలపడింది తర్వాతి కాలంలో. పదహారో శతాబ్దంలో కాథలిక్ చర్చి మాంసం మానాల్సిన ఉపవాస దినాలను గట్టిగా అమలు చేయడంతో, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు చెడని చేప అవసరమైంది. విచెంజా ప్రాంతంలో ఇప్పటికీ దాన్ని సుత్తితో మోది, రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఉల్లిపాయ, పాలు, ఆలివ్ నూనె, మన నెత్తళ్ల కుటుంబానికి చెందిన ఉప్పు చేపలు వేసి నాలుగు గంటలకు పైగా సన్నని సెగ మీద ఉడికిస్తారు. గరిటె పెట్టి కలపరు, గిన్నెను మాత్రం అప్పుడప్పుడూ కుదుపుతారు. ఆ వంటను కాపాడటానికి 1987లో ఒక సంఘమే పెట్టుకున్నారు.

నైజీరియా బంధం వేరు. పశ్చిమాఫ్రికాకు స్టాక్‌ఫిష్ ముందునుంచీ వెళ్తున్నా, దాన్ని గుండెల్లో పెట్టుకునేలా చేసింది ఆకలి. 1967 నుంచి 1970 జనవరి దాకా సాగిన బియాఫ్రా యుద్ధంలో దిగ్బంధానికి గురైన ఇగ్బో ప్రాంతంలో పిల్లలు ప్రొటీన్ అందక, పొట్టలు ఉబ్బి చనిపోయారు. చర్చి సంఘాలు సావో తోమే దీవి నుంచి రాత్రివేళ దీపాలార్పి ఊలి అనే రోడ్డు రన్‌వే మీదికి విమానాలు నడిపాయి. వాటిలో వెళ్లిన సరుకుల్లో నార్వే ఎండుచేప ఒకటి. ఐస్ అక్కర్లేని, బరువు తక్కువైన, ఎండలో చెడని ప్రొటీన్ అంతకన్నా ఏముంటుంది? యుద్ధం ముగిసింది, చేప మాత్రం ఆ వంటింట్లో ఉండిపోయింది. ఇగ్బోలు దాన్ని ఒకపొరోకో అంటారు. ఎగుసి గింజల పులుసులో, ఆకుకూరల పులుసులో అది పడకపోతే పెళ్లి విందు వెలితే. లోఫోటెన్‌లో నాలుక తీసేసిన ఆ తలలు కూడా తాడుకు గుచ్చి ఎండబెట్టాక ఇక్కడికే వస్తాయి. ఆబా, ఒనిత్షా బజార్లలో అమ్ముడై, పులుసుకు చిక్కదనమూ రుచీ ఇస్తాయి. ఇటలీ కాదన్న గ్రేడులకు కూడా నైజీరియాయే గిరాకీ. 1980లలో చమురు ఆదాయం పడిపోయి ఆ దేశం దిగుమతులు బిగించినప్పుడు ఉత్తర నార్వే గోదాముల్లో చేపలు పేరుకుపోయాయి. ఒక్క చేపలోని తలకూ మొండేనికీ ఇద్దరు వేర్వేరు కొనుగోలుదార్లుంటే బలమూ అదే, బెంగా అదే.

ఇంత ఎగుమతి చేసే నార్వేవాళ్లు తాము తినేది మాత్రం కొంచెం. క్రిస్మస్ ముందు క్షారంలో నానబెట్టి వండే లూటెఫిస్క్, బీరు పక్కన నమిలే ఎండు పీచులు, అంతే. అయినా పేరు కాపాడుకోవడంలో వెనకడుగు లేదు. లోఫోటెన్ స్టాక్‌ఫిష్ పేరుకు 2007లో సొంత దేశంలో, ఆ తర్వాత యూరోపియన్ యూనియన్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన పోచంపల్లి ఇక్కత్‌కూ బంగినపల్లి మామిడికీ ఉన్నటువంటి రక్షణే.

ఇప్పటి దిగులు పందిరి మీద కాదు, నీటిలో ఉంది. బేరెంట్స్ సముద్రపు కాడ్ ఎంత పట్టాలో నార్వే, రష్యా కలిసి ఏటా నిర్ణయిస్తాయి. 2021లో ఆ కోటా 8.8 లక్షల టన్నులు దాటింది. 2025కు అది 3.4 లక్షల టన్నులకు పడిపోయింది. 1991 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. చేప తగ్గితే పచ్చి సరుకు ధర ఎగబాకుతుంది. తాజాగా అమ్మితే వారంలో డబ్బు చేతికొస్తుంది, ఎండబెడితే ఆ డబ్బు కోసం శరత్కాలం దాకా ఆగాలి. ఆ ఆగగలిగే ఓపిక ఎన్ని కుటుంబాలకు మిగులుతుందన్నది పెద్ద ప్రశ్న. ఆబాలో పులుసు వండే ఇల్లాలికి బేలు ధర పెరిగితే ముక్క చిన్నదవుతుంది. వేసవి ముందే వేడెక్కి ఈగలు తొందరపడితే అదింకో దెబ్బ.

చూడాలనుకునేవారు మార్చి నుంచి మే మధ్య వెళ్లాలి. మార్చిలో పడవలు, చేప కోతలు, స్వోల్వేర్‌లో కాడ్ పట్టే పోటీలు చూడొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో పందిళ్లు నిండుగా ఉంటాయి. జూన్ మధ్య దాటితే ఖాళీ వాసాలే. నార్వేకు షెంజెన్ వీసా కావాలి. ఓస్లో నుంచి బోడో దాకా విమానం, అక్కడి నుంచి మోస్కెనెస్‌కు మూడు నాలుగు గంటల ఫెర్రీ ప్రయాణం. స్వోల్వేర్, లెక్నెస్‌లకు చిన్న విమానాలూ ఉన్నాయి. 2007 నుంచి ప్రధాన భూభాగంతో నేరుగా రోడ్డు కలిసింది. ఈ10 అనే ఆ రహదారి మోస్కెనెస్ దాటి అయిదు కిలోమీటర్లకు ‘ఓ’ అనే ఒక్క అక్షరం పేరున్న ఊరి దగ్గర ముగిసిపోతుంది. స్టాక్‌ఫిష్ మ్యూజియం అక్కడే ఉంది, ప్రధానంగా వేసవిలో తెరుస్తారు. రుచి చూడాలంటే మాత్రం ఇటలీ మేలు. క్వెరీని జ్ఞాపకంతో రొస్ట్ దీవితో జంట ఊరి బంధం కట్టుకున్న విచెంజా దగ్గరి సాండ్రిగో పట్టణంలో ఏటా సెప్టెంబరులో ఈ వంటకు పండగ చేస్తారు. రొస్ట్ నుంచి అతిథులు వస్తారు. మొక్కజొన్న పిండితో చేసే పొలెంటాతో పళ్లెం వడ్డిస్తారు.